మెల్లగా తొక్కితే

బాలనర్సయ్య డ్రైవర్ సీట్లో కూర్చుని బ్రేకు పెడల్‌ను రెండుసార్లు గట్టిగా తొక్కి, "మంచిగనే ఉన్నది గదనే ఇస్సాకన్నా, రాయి లెక్కున్నది" అన్నాడు. ఇస్సాకు తెరిచిన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అనుకున్నంతా అయింది, ఇతనూ అదే మాట అంటున్నాడు, ఎందుకనడు, పోయిన వానాకాలం ఈ అంబాసిడర్‌లో బ్రేకులకు ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ విప్పి కొత్త రబ్బర్లు వేసింది ఇతనే కదా, సిలిండర్ పాడైందంటే తన పని పాడైందని ఒప్పుకున్నట్టే కదా, దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు చూసుకోమన్నట్టుంది. అయినా ఈ షెడ్డుకే రాక తప్పలేదు. "మీ బండికి ఎవరు పనిచేశారో ఆ మెకానిక్‌నే అడగండి. బ్రేకులో లోపముందని అతను రాసిస్తే అప్పుడు చూద్దాం" అన్నారు పార్థసారథి గారు. హైటెక్ సిటీలో గుండ్రంగా లేచిన ఆ అద్దాల మేడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి బళ్ల వ్యవహారమంతా ఆయన చేతిలో ఉంది. ఇస్సాకు అంబాసిడర్ ఆరు నెలలుగా ఆ కంపెనీకి తిరుగుతోంది, మూడు వారాలుగా తిరగడం లేదు. ఆ కాగితానికి గడువు ఈరోజు మధ్యాహ్నం పన్నెండు. ఇప్పుడు పది దాటింది. మదీనాగూడ దగ్గర బొంబాయి హైవే మీద లారీలు పోతుంటే షెడ్డు రేకులు దడదడలాడుతున్నాయి.

పార్థసారథి గారూ ఇట్లాగే తొక్కారు. ప్రమాదం జరిగిన సాయంత్రం తానే స్వయంగా బండెక్కి, గేటు ముందు రోడ్డు మీద వంద గజాలు పోనిచ్చి, ఒక్కసారిగా బ్రేకు మీద నిలబడ్డారు. బండి కీచుమని ఆగింది. దిగి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, "బ్రేకు బ్రహ్మాండంగా ఉంది ఇస్సాకూ. మీకు షుగర్ ఉందట కదా?" అన్నారు. రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నారు. ఎవరు చెప్పారు ఆయనకు? ఆ ప్రశ్న మూడు వారాలుగా గొంతులో చేపముల్లులా ఉంది. కంపెనీలో తన ఒంటి సంగతి ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. ఇంట్లో భార్య మరియమ్మకు తప్ప.

"గట్టిగా తొక్కితే బాగానే ఉంటుంది బాలనర్సయ్యా. మెల్లగా తొక్కి, అట్లాగే పట్టుకుని చూడు" అన్నాడు ఇస్సాకు. బాలనర్సయ్య అతని ముఖంలోకి ఒక క్షణం చూశాడు. ఆ చూపులో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు అనిపించింది. తర్వాత సీటు దిగి, తెరిచిన తలుపు పక్కన నేల మీద మోకాళ్లూని, పెడల్ మీద కాలు కాకుండా అరచెయ్యి ఆనించి మెత్తగా నొక్కాడు. నొక్కి పట్టుకుని ఊరుకున్నాడు.

మెల్లగానే తొక్కాను ఆ రోజు. గేటు ముందు రోడ్డు కొంచెం వాలు. సెక్యూరిటీ అతను నంబరు రాసుకోవడం ఎప్పుడూ ఉండేదే, ఆ కాసేపటికి హ్యాండ్ బ్రేకెందుకని పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం ఎప్పుడూ ఉండేదే. వెనక సీట్లో కంపెనీలో పనిచేసే కృష్ణప్రియ ఏవో కాగితాలు చదువుకుంటోంది. ఐదో నెల ఆ అమ్మాయికి, గతుకులు వచ్చినప్పుడల్లా అద్దంలోంచి ఆమె ముఖం చూసి మరీ నడిపేవాడు. ఎదురుగా పది అడుగుల దూరంలో భాగ్యమ్మ చాయ్ బండి. గుట్టలో రాళ్లు పేల్చడానికి తూటాలు పెట్టేవాళ్లు, తాపీ పనివాళ్లు, మెడలో కార్డులు వేలాడే పిల్లలు, అందరూ అక్కడే తాగుతారు. భాగ్యమ్మ మాదాపూర్ మనిషి, ఆ మేడ లేచిన చోట చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్నానని చెప్పేది. ఆమె గిన్నెలో చక్కెర వేస్తోంది, తను చూస్తూనే ఉన్నాడు, చూస్తుండగానే చాయ్ బండి పెద్దదైంది. దగ్గరికి వస్తున్నది బండి కాదు, తానేనని తెలిసేసరికి తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగాడు, కానీ అప్పటికే స్టవ్వు పడిపోయింది, మరిగే చాయ్ ఆమె చేతి మీద ఒలికింది, చక్రం కింద పాదం. ఆ కేక ఇంకా వినిపిస్తూనే ఉంది. దవాఖానకు చూడబోతే కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఆమె గోడవైపు తిరగలేదు, తిట్టలేదు. ఒకే మాట అడిగింది. "నా దిక్కే సూస్తున్నవు గదనే. సూసుకుంటనే వస్తివి. నీ మొకంల జరంత భయం గూడ లేకపాయె. గట్లెట్ల?"

ఎట్లాగో చెప్పలేకపోయాడు. బ్రేకు మీద కాలుందన్న నమ్మకంతో భయం లేదని చెప్పాలా? కాలు ఉందా? ఉంది. ఉందని తనకు తెలుసు. తెలుసా?

"అగో" అన్నాడు బాలనర్సయ్య.

ఇస్సాకు వంగి చూశాడు. అతని అరచేతి కింద పెడల్ దిగుతోంది. చూస్తే తెలియనంత నెమ్మదిగా, గడియారంలో నిమిషాల ముల్లులాగా, కానీ దిగుతోంది. కాసేపటికి నేలకు ఆనింది. బాలనర్సయ్య చెయ్యి తీసి, మళ్లీ గట్టిగా కొట్టాడు, రాయిలా నిలబడింది. మళ్లీ మెత్తగా నొక్కాడు, మళ్లీ దిగింది. అతని ముఖంలో నవ్వు పోయింది. లేచి నాలుగు చక్రాల లోపలివైపూ వేళ్లతో తడిమాడు, గొట్టాల వెంట చెయ్యి పోనిచ్చి వేళ్లు వాసన చూసుకున్నాడు. ఎక్కడా తడి లేదు. డ్రైవర్ కాళ్ల కింద చాప ఎత్తి, చిన్న రేకు మూత తీసి ఆయిల్ డబ్బాలోకి చూశాడు, ఆయిల్ ఉండాల్సినంత ఉంది. "బైటికి పోతలేదు. లోపల్నే ఎనకకు తప్పించుకుంటున్నది. మాస్టర్ సిలిండరే" అన్నాడు. రబ్బర్లు వేసింది తానేనన్న మాట మాత్రం అనలేదు. ఇస్సాకు దాన్ని మనసులో గుర్తు పెట్టుకున్నాడు.

కొత్త సిలిండర్ నిన్ననే రాణిగంజ్ బజారుకు పోయి తెచ్చి పెట్టుకున్నాడు ఇస్సాకు. బాలనర్సయ్య పానలు తీసుకుని బండి కింద తవ్వి ఉన్న గుంతలోకి దిగాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు, అతను ఒంటరిగానే పనిచేసుకుంటాడు. ఇస్సాకు బయట బల్ల మీద కూర్చోవచ్చు. కూర్చోలేదు. డ్రైవర్ సీట్లోనే కూర్చుని, నేలలో తెరిచిన ఆ కన్నంలోంచి కిందికి చూస్తూ ఉన్నాడు. అక్కడ అతని ముంజేయి కనబడుతోంది, నూనె మరకలు, పాన తిరగడం, అంతే, ముఖం కనబడదు. కిందేం చేస్తున్నాడో ఎవరికి తెలుసు, విప్పిన సిలిండర్ తన కంటపడేలోపే ఇంకో పాతదాన్ని చేతిలో పెట్టి ఇదే నీదంటే తనకేం తెలుస్తుంది, లోపల రబ్బరు తిరగబడి ఉంటే దాన్ని సరిచేసేసి చూడు బాగానే ఉంది అంటే? పార్థసారథి గారు ముందే ఫోన్ చేసి ఉంటే? ఆయన బావమరిదికి రెండు సుమోలున్నాయని, వాటిని కంపెనీలో పెట్టించాలని చూస్తున్నాడని డ్రైవర్లు అనుకుంటారు. నిజమో కాదో. ఇప్పుడు ఏ మాటైనా నిజమే అనిపిస్తుంది. ఇరవై రెండేళ్లు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి వ్యాన్ నడిపాడు. యాసిడ్ పీపాల మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిన మనుషుల్లో ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు. అప్పుడెవరినీ ఇట్లా చూడలేదు తను. మూడు వారాల్లో ఎట్లాంటి మనిషినైపోయాను.

మరియమ్మతో సరిగా మాట్లాడి మూడు వారాలైంది. ఆమె ఇక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు, రోజంతా ఎవరెవరి కాళ్లో కడిగి కట్లు కట్టే మనిషి. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం తను చెప్పులు విప్పి మంచం మీద కూర్చుంటే, పక్కనే కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట వదిలేసి వచ్చి కాలు పట్టుకుంది. "ఏవండీ, ఇదెప్పుడు గుచ్చుకుంది?" చెప్పులోంచి లోపలికి దిగిన మేకు. బొటనవేలి కింద గుండ్రంగా నెత్తురు. ఇప్పుడే, మెట్ల దగ్గర, అన్నాడు. నెత్తురు ఎండిపోయి నల్లగా ఉంది, అది నర్సు కంటికి తెలియదా? ఆమె ఏమీ అనకుండా కడిగింది. తర్వాత దూదిపుల్లతో అరికాలి మీద అక్కడా ఇక్కడా తాకుతూ, "ఇక్కడ? ఇక్కడ?" అని అడిగింది. కళ్లు మూసుకోమంది. అన్నిటికీ ఊఁ అన్నాడు. చివరికి ఆమె, "నేను తాకడం ఆపేసి చాలాసేపైంది" అంది. నవ్వేశాడు, నవ్వులాటకు తీసుకున్నట్టు. ఆమె నవ్వలేదు. అందుకే పార్థసారథి గారి నోట షుగర్ మాట విన్న క్షణాన ఆమె ముఖమే మెదిలింది. ఈమే చెప్పింది, తన మంచికే అనుకుని చెప్పి ఉంటుంది, భార్యే వెనకనుంచి పొడిచాక ఇంక ఎవరిని నమ్మాలి. ఆదివారం చర్చిలో పక్కపక్కనే నిలబడి పాడుతూ కూడా ఆమె గొంతు విననట్టే పాడాడు.

కింద బోల్టు ఒకటి వదిలి గుంతలో పడింది. "ఒకటి ఒచ్చిందన్నా" అన్నాడు బాలనర్సయ్య. ఊఁ అన్నాడు ఇస్సాకు. ఆ ఊఁ దగ్గరే మనసు ఎక్కడో తట్టుకుంది. ఊఁహూఁ, వద్దమ్మా, షుగర్. ఎవరితో అన్నాడు ఆ మాట? లిఫ్టుల దగ్గర, కృష్ణప్రియ చేతిలో మిఠాయి డబ్బా, అయిదో నెల శ్రీమంతం అయిందని బళ్ల వాళ్లందరికీ పంచుతోంది. ఒక్కటి తీసుకోండి అంకుల్, ఏం కాదు. వద్దమ్మా, షుగర్, ఆరేళ్లుగా. ఆమె వెనకే నిలబడి మిఠాయి నోట్లో వేసుకుంటున్నది ఎవరు? చొక్కా జేబులో రెండు పెన్నులు, కళ్లద్దాలు. పార్థసారథి గారే. తానే చెప్పాడు. తన నోటితో, అందరి ముందూ, నవ్వుతూ. మూడు వారాలు. పొద్దున కూడా మరియమ్మ సజ్జరొట్టె పెట్టి ఎదురుగా కూర్చుంటే పేపర్ అడ్డం పెట్టుకున్నాడు.

బాలనర్సయ్య గుంతలోంచి పైకి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన సిలిండర్. ఇస్సాకు వైపు చూడకుండా మూలనున్న బల్ల దగ్గరికి పోయి, వీపు ఇటు తిప్పి నిలబడి విప్పడం మొదలుపెట్టాడు. వీపు ఎందుకు తిప్పాడు? వెలుతురు అటువైపు ఉంది, నిజమే, కిటికీ అటే ఉంది, అయినా. స్ప్రింగు బయటికి వచ్చిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. గుడ్డ కదులుతోంది, ఏదో తుడుస్తున్నాడు, తుడిచేస్తున్నాడు. ఇస్సాకు దిగ్గున దిగి వెళ్లి అతని భుజం పక్కన నిలబడ్డాడు.

బాలనర్సయ్య దాచలేదు. సిలిండర్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి, లోపలి గొట్టం కనబడేట్టు పట్టుకున్నాడు. అద్దంలా నున్నగా ఉండాల్సిన గోడ మీద ఒకచోట తుప్పు తిన్న గుంట, దాని వెంట సన్నని గీతలు. వేలు పెట్టి చూడమన్నాడు. గోటికి తగిలింది. రబ్బరు అంచు సరిగ్గా అక్కడే అరిగి చిరిగి ఉంది. "గట్టిగ తొక్కితే రబ్బర్ ఇచ్చుకొని గోడకు అతుక్కొని ఆపుతది. మెల్లగ తొక్కితే ఈ సందుల నుంచి ఆయిల్ ఎనకకు జారుకుంటది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నా, నీకొక మాట చెప్పాలె. పోయిన వానాకాలం ఇప్పినప్పుడే ఈ మచ్చ కనవడ్డది నాకు. చిన్నగ ఉండె అప్పుడు. సిలిండరే మార్చాలె అసలుకు. కొత్త రబ్బర్ ఏస్తే నడుస్తది తీ అనుకున్న. నీకు చెప్పలే. తప్పు నాదే."

ఇస్సాకుకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ అది వచ్చేలోపే ఇంకేదో ఒంట్లోంచి దిగిపోయింది, మూడు వారాలుగా మోస్తున్న బరువేదో. బ్రేకే. కాలు కాదు. బ్రేకే. "ఈ మాట అక్కడ రాసిస్తావా?" అన్నాడు. "రాసుడేంది, నేనే వస్త" అన్నాడు బాలనర్సయ్య. "ఆ సారు ముంగట నిలవడి చెప్త. ఆ భాగ్యమ్మకు గూడ చెప్పాలె గద. నా తప్పుకు ఆమె కాలు పోయె, నీ పేరు పోయె." గోడకు తగిలించిన మంచి చొక్కా వైపు చూసుకున్నాడు, వెళ్లేటప్పుడు అది వేసుకోవాలన్నట్టు. ఇంతసేపూ ఇతని మీద తను అల్లుకున్నదంతా ఆ చూపుతో తెగిపోయింది. నిజానికి ఇతను తుడిచేసి ఉండొచ్చు, కాస్త గీకేసి, ఏం లేదన్నా అని ఉండొచ్చు. అనలేదు.

కొత్త సిలిండర్ ఎక్కింది. ఇక గొట్టాల్లోని గాలి తీయాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గరుండే నిపుల్ అనే చిన్న మరను వదులు చేసి, గాలితో పాటు వచ్చే ఆయిల్‌ను గొట్టంతో సీసాలోకి పట్టి, మళ్లీ బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. బాలనర్సయ్య అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం దగ్గర పడుకున్నాడు. ఇస్సాకు సీట్లో కూర్చున్నాడు, తేలికైన ఒంటితో, ఇప్పుడే పెళ్లికి తయారైన వాడిలా. "తొక్కన్నా." తొక్కాడు. "పట్టు." పట్టాడు. వెనక బుడబుడమని చప్పుడు. "ఇడువు." వదిలాడు. పన్నెండింటికి ఇంకా ముప్పావు గంట ఉంది, కొత్తగూడ మీదుగా పోతే ఇరవై నిమిషాలు, పార్థసారథి గారు ఏమంటారు, ఏమంటే ఏం, రేపు పొద్దున్నే కృష్ణప్రియ ఇంటి ముందు హారన్ కొడతాడు. ఆ అమ్మాయి ఒక్కతే అంది, మీ బండి ఉంటే మీ బండిలోనే వస్తానంకుల్ అని. సాయంత్రం మరియమ్మకు ఏం చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలి. "తొక్కు." తొక్కాడు. "పట్టు. ఇడువు." వదిలాడు. "తొక్కు." తొక్కాడు. "ఏందన్నా, ఏమొస్తలేదు. గట్టిగ తొక్కు." తొక్కాడు. "అరే, ఇడిసినవా మల్ల? ఇడిస్తెనే గద సిలిండర్ల ఆయిల్ నిండేది."

"వదిలాను" అన్నాడు ఇస్సాకు.

అని, ఎందుకో కిందికి చూశాడు. చెప్పు పెడల్ మీదనే ఉంది. ఆనుకుని ఊరికే లేదు, పెడల్ కింది దాకా దిగి ఉంది, కాలి బరువంతా దాని మీదే ఉంది. తను వదిలాడు. మోకాలి దగ్గర వదిలినట్టే తెలిసింది, తొడలో తెలిసింది, మనసులో తెలిసింది. పాదం మాత్రం అక్కడే ఉంది, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా. చేత్తో మోకాలు పట్టుకుని పైకి లాగాడు. పెడల్ పైకి లేచింది. "ఆఁ, గిప్పుడు తొక్కు" అని వెనకనుంచి వినిపించింది, "ఒచ్చింది ఒచ్చింది." బాలనర్సయ్యకు ఏమీ కనబడలేదు. చక్రం వెనక నేల మీద పడుకున్న మనిషికి ఏం కనబడుతుంది.

తర్వాత మూడు చక్రాలకూ ఇస్సాకు కాలినే చూస్తూ తొక్కాడు. చూస్తుంటే చెప్పినట్టు వింటోంది. చూడకపోతే? రోడ్డు మీద కాలు చూస్తారా, రోడ్డు చూస్తారా? ఆ రోజు తను చూసింది భాగ్యమ్మ చేతిలోని చక్కెరను. సిలిండర్ పాడైంది నిజం. గోటికి తగిలిన గుంట నిజం. అది ఒక్కటే చాలు, పార్థసారథి గారికి చాలు, పోలీసులకైనా చాలు, బాలనర్సయ్య చొక్కా మార్చుకుని వచ్చి తప్పు నాదేనని తల వంచుకుంటాడు, ఈ కాలి సంగతి ఇంకెవరికీ తెలియనవసరం లేదు. తెలియనవసరం లేదు అనుకుంటుండగానే, నూనె చేతులు సబ్బుతో తోముకుంటున్న బాలనర్సయ్య కనబడ్డాడు. గోళ్ల సందుల్లో కూడా శుభ్రంగా తోముకుంటున్నాడు, తప్పు ఒప్పుకోవడానికి వెళ్లేవాడు.

"బాలనర్సయ్యా" అని పిలిచాడు. "ఇందాక నువ్వు వదలమన్నప్పుడు నా కాలు వదల్లేదు. పెడల్ మీదే ఉంది. నాకు తెలియలేదు."

బాలనర్సయ్య నీళ్లు కారే చేతులతో అట్లాగే నిలబడ్డాడు. "తిమ్మిరెక్కిందా?"

"తిమ్మిరి కాదు. షుగర్. చాన్నాళ్లనుంచి."

"మరి ఆ దినం గూడనా?"

"తెలియదు" అన్నాడు ఇస్సాకు. "ఆ రోజు బ్రేకే జారిందో, నా కాలే జారిందో, రెండూనో. నిజంగా తెలియదు. ఆ మాటే చెప్పాలి అక్కడ. నీ తప్పు నువ్వు చెప్పు. నాది నేను చెబుతాను."

"బండి పోతది గదనే అన్నా, నడుపుడు పోతది" అన్నాడు బాలనర్సయ్య. ఇస్సాకు తల ఊపాడు. తాళం చెవి తీసి అతని తడి చేతిలో పెట్టి, బండి ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. సొంత బండిలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి, అద్దంలో వెనక రోడ్డు కాక షెడ్డు రేకులు కనబడుతున్నాయి. వెళ్లే దారిలో మరియమ్మ ఆసుపత్రి దగ్గర ఒక్క నిమిషం ఆపమన్నాడు. ఆమె కూడా వస్తే బాగుంటుంది అన్నాడు, తను సరిగా చెప్పలేకపోతే ఆమె చెబుతుంది.

హైవే ఎక్కాక బాలనర్సయ్య రెండుసార్లు మెల్లగా తొక్కి చూసుకున్నాడు. పెడల్ నిలబడింది, దిగలేదు. ముందు పోతున్న కంకర లారీ ఉన్నట్టుండి ఆగింది. దాని వెనక తలుపు ముందు అద్దం నిండా పెరిగింది. ఇస్సాకు ఒక్క ఉదుటున బ్రేకు తొక్కాడు, ముప్పై ఏళ్ల అలవాటు, ఒళ్లంతా బిగిసి తొక్కాడు. బాలనర్సయ్య తొక్కిన బ్రేకుకు కారు ఆగింది. ఊపిరి పీల్చుకుని కిందికి చూసుకున్నాడు. చాప మీద కుడికాలు పెట్టినచోటే ఉంది. కొంచెం కూడా కదల్లేదు.